కాలరక్క మోసిన మాటలు

యూనిఫారాలు కుట్టే హాల్లో ఆవిడను అందరూ కాలరక్క అంటారు. పనిలో చేరిన కొత్తలో చొక్కా కాలర్ల దగ్గర కూర్చోబెట్టారు. తనతో చేరినవాళ్లు జేబులకీ, చేతులకీ, గుండీలకీ మారిపోయారు గానీ ఆవిడ మాత్రం కాలర్ల దగ్గరే ఉండిపోయింది. మెడ వంచి వంచి ఆవిడ మెడే ఒక కాలరులా బిగుసుకుపోయిందని పక్క మిషనావిడ వేళాకోళం చేసేది.

ఆ హాల్లో మిషన్లన్నీ ఒక్కసారి నడిస్తే చెవిలో అరిచినా వినబడదు. అయినా ఆడవాళ్లు పొద్దస్తమానం కబుర్లు చెప్పుకుంటూనే ఉంటారు. గొంతు ఎత్తరు, పెదాలు కదుపుతారు, అంతే. ఎవరింట్లో కోడలు అలిగింది, ఎవరి వీధికి నీళ్లు రాలేదు, సూపర్‌వైజరు ఇవాళ ఎవరి మీద విరుచుకుపడ్డాడు, అన్నీ ఒకళ్ల పెదాల మీద ఒకళ్లు చదువుకుంటారు. కాలరక్క అందులో ఆరితేరిన మనిషి. దూరంగా కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు తన గురించి ఏమనుకుంటున్నారో కూడా పట్టేసేది.

ఇంటికి వెళ్తే అంతా ఎదురు. పండ్లూ కూరగాయలూ టోకున అమ్మే యార్డులో ఆమె భర్త వేలం వేసేవాడు. చెక్కబల్ల ఎక్కి ధరలు అరిచి చెప్పడాన్ని ఆ యార్డులో "పాడటం" అనేవారు. మైకు అక్కర్లేని గొంతు కాబట్టి ఆయన పేరే మైకు అయిపోయింది. పొద్దున్నే టమాటా బుట్టల మధ్య ఆయన పాట మొదలుపెడితే గేటు బయట లారీ దింపుకునేవాళ్లకు కూడా ధర తెలిసిపోయేది. ఇంట్లోనూ అదే గొంతు. కూరలో ఉప్పు తక్కువైతే ఆ సంగతి కాలరక్క కంటే ముందు పక్కింటివాళ్లకు తెలిసేది.

ఆ బల్లంటే ఆయనకు ప్రాణం. ఒకసారి ఎవరో వ్యాపారి బావమరిది సరదాకి దాని మీద ఎక్కి రెండు ధరలు అరిచాడు. మైకు అతన్ని దింపి, తడిగుడ్డ తెప్పించి, అందరి ముందూ బల్ల తుడిపించాడు. తమ్ముడు అదే యార్డులో ఆయన కాళ్ల దగ్గర నిలబడి బుట్టలెత్తి చూపించేవాడు. అన్నకు మించిన గొంతే అతనిది. అయినా ఏనాడూ బల్ల మీద అడుగు పెట్టలేదు.

మైకు అంగిలి మీద, నోటి పైకప్పున, పుండు లేచింది. వేడి టీ తాగి కాలిందనుకున్నాడు. తగ్గలేదు. పుండులోంచి ముక్క తీసి పరీక్షకు పంపిన డాక్టరు, తర్వాత వీళ్లిద్దరినీ కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు. కుడివైపు పైపళ్లతో సహా అంగిలి సగం తీసేయాలన్నాడు. తీసేశారు. ప్రాణం దక్కింది.

ఆపరేషన్ అయిన వారానికి తమ్ముడు వార్డుకి వచ్చాడు. చెప్పులు బయటే విడిచి, మంచం అంచు మీద కూర్చున్నాడు. మైకు ముఖం ఒకవైపు ఉబ్బి ఉంది. ముక్కులో గొట్టం.

"అన్నా, మేనేజరు నన్ను బల్ల ఎక్కమంటున్నాడు," అన్నాడు తమ్ముడు. "నువ్వు బతికుండగా నీ బల్ల ఎక్కడం నాకు మనసొప్పడం లేదు. ఎక్కమంటావా, మానమంటావా? నువ్వెలా అంటే అలా."

మైకు కళ్లు తెరిచాడు. పెదాలు కలిపి, విడదీసి, ముక్కుతో ఒక మాట అన్నాడు. తమ్ముడు వంగి చెవి ఆయన నోటి దగ్గర పెట్టాడు. మైకు మళ్లీ అన్నాడు. చేత్తో తలుపు వైపు పొమ్మన్నట్టు విసిరాడు. ఆ మాత్రానికే అలసిపోయి కళ్లు మూసుకున్నాడు.

తమ్ముడు వదిన చేయి పట్టుకుని వరండాలోకి తీసుకొచ్చాడు.

"ఏమన్నాడు వదినా? నాకు 'నువ్వు మాను' అన్నట్టు వినిపించింది."

కాలరక్క తలుపులోంచి భర్త వైపు చూసింది. ఆమెకీ అదే వినిపించింది. పెదాలూ అదే చెప్పాయి.

"నాకూ అలాగే వినబడిందయ్యా," అంది.

మరిది తలాడించాడు. "సరేలే. ఆయన బల్ల, ఆయన ఇష్టం," అని చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాడు. మళ్లీ రాలేదు. యార్డుకు బయటినుంచి ఎవరినో తెచ్చి, చేతికి స్పీకరిచ్చి బల్ల ఎక్కించారు. ఆ కొత్తమనిషి కింద నిలబడి బుట్టలెత్తడం ఇష్టం లేక తమ్ముడు యార్డే వదిలేసి ఐసు ఫ్యాక్టరీలో వ్యాను నడపడానికి కుదిరాడు.

ఈ కబురు తెలిసిన రోజు కాలరక్కకు భర్త మీద మనసు విరిగిపోయింది. ముక్కులో గొట్టం పెట్టుకుని కూడా బల్ల వదలడా? సొంత తమ్ముడు, చేతులు కట్టుకుని అడిగితే, కడుపు మీద కొట్టి పంపుతాడా? అడుగుదామనుకుంది. ముఖం చూస్తే జాలేసింది. ఇంకోసారి అడుగుదామనుకుంది. అప్పటికి పనిలో పడిపోయింది. అడగని మాట లోపలే గట్టిపడి కూర్చుంది.

పని అంటే మామూలు పని కాదు. అన్నీ మెత్తగా ఉడికించి, చిలికి, వడగట్టాలి. ఆయన మింగుతుంటే సగం ముక్కులోంచి వచ్చేది. తుడవాలి. నోరు పుక్కిలించడానికి గోరువెచ్చటి నీళ్లు కలపాలి. హాల్లో గంట మోగే వేళకు మిషను ముందు ఉండాలి. సాయంత్రం వచ్చి మళ్లీ మొదలు.

వీటన్నిటికంటే మాటలు మోయడం ఆమెను పీల్చేసింది. మైకు మాట ఇంట్లో ఆమెకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఆసుపత్రివాళ్లు ఒక పలక ఇచ్చారు గానీ, ఆయనకు అంకెలు వచ్చినంత బాగా అక్షరాలు రావు. ఒక మాట రాసేలోపు విసుగొచ్చి పలక మంచం కిందికి తోసేసేవాడు. పాలవాడొస్తే ఆమె. ఫోను మోగితే ఆమె. చూడటానికి వచ్చిన మైకు పెదనాన్నగారు "ఏమంటున్నాడమ్మా?" అని ప్రతి మాటకీ ఆమె వైపే తిరిగేవారు. ఆయన అన్నది ఈమె చెప్పాలి, వాళ్లన్నది విని ఆయన చిరాకుపడితే ఆ చిరాకును కాస్త మెత్తబరిచి చెప్పాలి. రాత్రి పడుకునే ముందు తన సొంతానికి ఒక్క మాట మిగిలేది కాదు. హాల్లో కూడా పెదాలు కదపడం మానేసింది. పక్క మిషనావిడ ఏదో అడిగితే, అర్థమైనా కానట్టు కాలరు మీదే చూపు పెట్టి కుట్టుకుపోయేది.

ఇంట్లో నవ్వంటూ వచ్చిందంటే కూతురి వల్లే. ఒకరోజు ఆ పిల్ల కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే తండ్రి లోపలి నుంచి "మామా!" అని పిలిచాడు. పాపా అని పిలుస్తున్నానని ఆయన అనుకున్నాడు. పిల్ల ఒక క్షణం నిలబడిపోయింది. తర్వాత గొంతు మార్చి, పెద్దమనిషిలా దగ్గింది.

"ఏంటి అల్లుడూ, ఒంట్లో ఎలా ఉంది?"

మైకు నవ్వబోయి, తాగుతున్న నీళ్లన్నీ ముక్కులోంచి తెచ్చుకున్నాడు. ఆ రోజు నుంచి అదే వరస. ఆయన మామా అంటే పిల్ల అల్లుడూ అనేది. "అల్లుడికి మర్యాద చెయ్యవే అమ్మా," అనేది. కాలరక్క కూడా నవ్వేది. నవ్వుతూనే తుడుపుగుడ్డ వెతుక్కునేది.

అప్పుడప్పుడు మైకు ఆమెను అడిగేవాడు. "నమ్ముణు... రాలేదా?" తమ్ముడు రాలేదా అని.

"రాలేదు."

"ఎందుకు?"

ఆమె కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయేది. ఎందుకో నీకు తెలీదూ అని లోలోపల అనుకునేది. పైకి అనడానికి ఓపిక లేదు. ఆయన గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

గాయం మానాక పళ్ల డాక్టరు కొలతలు తీసుకుని ప్లేటు చేయించాడు. గులాబీ రంగుది, పైన బొడిపెలాంటి మూత, కుడి అంచున పళ్ల వరస. పెట్టుకుంటే నోటికీ ముక్కుకీ మధ్య కన్నం మూసుకుపోతుంది. మైకు దాన్ని పెట్టుకున్న మొదటి రోజే పాత గొంతు వచ్చేస్తుందనుకున్నాడు. రాలేదు. నోట్లో రాయి పెట్టుకున్నట్టుందన్నాడు. మాట ముద్దముద్దగా, తడితడిగా వచ్చింది. తెలియని చోట ఫర్నిచరుకు కాళ్లు తగులుతున్నట్టు నాలుక ప్లేటుకు గుద్దుకుంటోంది.

"నాలుకకి ఇది కొత్తిల్లు," అన్నాడు పళ్ల డాక్టరు. "దారి అలవాటయ్యేదాకా మాటల టీచరు దగ్గరికి వెళ్లండి."

మాటల టీచరు గది ఆసుపత్రి కింది అంతస్తులో, దుప్పట్లు ఉతికే చోటుకు పక్కన. ఉతికే యంత్రాలు తిరుగుతుంటే గోడ సన్నగా అదిరేది. గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడకు నిలువుటద్దం. టీచరమ్మ వయసు మళ్లిన మనిషి. రోజంతా నోరు తెరిచి చూపించి చూపించి ఆమె దవడలు నొప్పిపుడతాయట, మధ్యమధ్యలో చెంపలు రుద్దుకునేది. కాలరక్క సెలవు పెట్టి, భర్తను తీసుకెళ్లి, మూల కుర్చీలో కూర్చునేది. అక్కడ ఆ ఉతికే చప్పుడులో కళ్లు మూతలు పడేవి.

టీచరమ్మ మొదట ఒక చిన్న గుండ్రటి అద్దం తీసి మైకు ముక్కు కింద పెట్టింది.

"మ అనండి."

అన్నాడు. అద్దం మీద ఆవిరి కమ్మింది.

"ప అనండి."

ఈసారీ కొంచెం కమ్మింది. టీచరమ్మ అద్దం తుడిచి తన ముక్కు కింద పెట్టుకుని ప అంది. అద్దం తేటగానే ఉంది.

"చూశారా? రెంటికీ పెదాలు చేసే పని ఒకటే. మూసుకుంటాయి, తెరుచుకుంటాయి. తేడా అంతా గాలిదే. ప అనాలంటే గాలిని నోట్లోనే కాసేపు బిగబట్టాలి. పైన కన్నముంటే బిగబట్టడం కుదరదు, ముక్కులోంచి జారిపోతుంది. మ, న లాంటివాటికి ఎలాగూ ముక్కే దారి, అవి చెడవు. మిగతావన్నీ వాటిలాగే మారిపోతాయి."

ఆ తర్వాత నాలుక పని పట్టింది. మైకు ప్లేటు తీయించి, తుడిచి, మీద తెల్లటి పొడి సన్నగా చల్లి, జాగ్రత్తగా మళ్లీ పెట్టించింది. "త అనండి. ఒక్కసారే. ఇక నోరు కదపకండి." ప్లేటు తీసి చూపించింది. ముందుపళ్ల వెనకాల అంచు వెంట పొడి చెరిగిపోయి గులాబీ రంగు గీత కనిపించింది. నాలుక కొస అక్కడ తగిలిందన్నమాట. మళ్లీ పొడి, మళ్లీ ప్లేటు. ట అంటే ఆ గీత లేదు. ఇంకా వెనక్కి, పైకప్పు మధ్యలో ఒక చిన్న మచ్చ. చ అంటే రెండు పక్కలా వెడల్పుగా చెరిగింది. క అనమంటే అన్నాడు, ప్లేటు తీస్తే పొడి పొడిలాగే ఉంది.

మైకు ముఖం వేలాడేశాడు.

"మీ తప్పేం లేదు," అంది టీచరమ్మ. "క అన్నప్పుడు నాలుక వెనక భాగం లేచి ప్లేటు దాటాక, గొంతు దగ్గర తగులుతుంది. అందుకే ఇక్కడ గుర్తు పడలేదు. చిన్నప్పుడు బళ్లో క చ ట త ప అని వరసగా వల్లించాం కదా. గొంతు దగ్గర మొదలుపెట్టి ఒక్కో అడుగే ముందుకొస్తూ పెదాల దగ్గర తేలతాం. మనకెవరూ చెప్పలేదు గానీ, ఆ వరసంతా నోట్లో నడకే."

మూల కుర్చీలో కాలరక్క నోరు మూసుకునే తన నాలుకతో క చ ట త ప అని లోపల్లోపల నడిచి చూసింది. నిజమే. ఇన్నేళ్లూ తన నోట్లో ఉన్నదే తనకు తెలియలేదు. నవ్వొచ్చింది గానీ నవ్వడానికీ ఓపిక లేదు.

రోజులు గడిచాయి. మైకు ఇంట్లో అద్దం ముందు కూర్చుని సాధన చేసేవాడు. తాత, టాటా, చాచా. ళ మాత్రం ఎంతకీ లొంగేది కాదు. "కళ్లు" అనబోతే "కల్లు" అయ్యేది. "ఇంట్లో కల్లు లేదు నాన్నా, టీ ఉంది," అనేది పిల్ల. అయినా కాలరక్క ఎదుట ఉంటే ఆయన సాధన సరిగ్గా సాగేది కాదు. పెదాలు అలా కదిపితే చాలు, ఆమెకు అర్థమైపోయేది. నీళ్లు చేతికొచ్చేసేవి.

టీచరమ్మ ఇది పసిగట్టింది.

"అమ్మా, మీరు ఆయన ముఖం చూసి అందుకుంటున్నారు. దాంతో ఆయన నోటికి పని లేకుండా పోతోంది. ఇలా గోడ వైపు తిరిగి కూర్చోండి. చూడకుండా విని ఏ మాటో చెప్పాలి. ముందు ప్లేటు లేకుండా, తర్వాత ప్లేటుతో. తేడా ఆయనకూ తెలుస్తుంది."

కాలరక్క కుర్చీ తిప్పుకుని గోడ వైపు కూర్చుంది. వెనకాల ప్లేటు నీళ్లగిన్నెలో పడ్డ చప్పుడైంది. టీచరమ్మ భర్తకు ఏదో మాట చూపించింది.

"మాణ," అన్నాడు మైకు.

"మాట," అంది కాలరక్క.

"కాదు, పాట," అంది టీచరమ్మ. "ఇంకోటి."

"మణినా."

"మనిషా?"

"పడిదా. ఇది ఊళ్లో ఎవరూ అనని మాట, ఊరికే చెవి పరీక్షకి. కంగారుపడకండి. ఇంకోటి చూద్దాం."

కాలరక్క కదల్లేదు. గోడ అదురుతోంది. మాట కాదు, పాట. ఆ రెండు మాటలూ ఆమె బుర్రలో ఎక్కడో తట్టుకుని ఆగాయి. పాప మామ అవుతుందని ఇంట్లో రోజూ నవ్వుకుంటూనే ఉన్నారు. అయినా వార్డులో విన్న ఆ ఒక్క మాటను మళ్లీ తీసి చూడాలని ఆమెకు తోచలేదు. తీర్పు చెప్పేసి మూసేసిన కేసులా దాన్ని పక్కన పెట్టేసింది.

"టీచరమ్మా," అంది, తిరక్కుండానే. "పాడు అని అనమనండి."

"పాడు?"

"ఊ. ప్లేటు లేకుండానే."

ఆయనకు ఈ మాట ఎందుకు అడుగుతోందో అర్థమయి ఉండదు. తర్వాత ముక్కులోంచి, స్పష్టంగా, వార్డులో విన్నట్టే వచ్చింది.

"మాణు."

టీచరమ్మ ఏదో అంటోంది. కాలరక్క లేచి, నీళ్లు తాగొస్తానని చెప్పి వరండాలోకి వెళ్లింది. నీళ్లు తాగలేదు. ఉతికిన దుప్పట్ల బండి ఒకటి గోడవారన ఉంటే, దాని మీద చెయ్యేసి కాసేపు అలాగే నిలబడింది. దుప్పట్లు ఇంకా వేడిగా ఉన్నాయి. ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. ఒళ్లంతా ఒక్కసారి బరువెక్కి, ఆ దుప్పట్ల మీదే పడుకోవాలనిపించింది.

ఇంటికొచ్చాక ఆయన ప్లేటు కడిగి పెట్టుకుని, కుర్చీలో కూర్చుని ఆమె వైపు చూశాడు. ఏదో అయిందని ఆయనకీ తెలుసు. ఆమె ఎదురుగా కింద కూర్చుంది.

"వార్డులో ఆ రోజు మీ తమ్ముడొచ్చి అడిగాడు కదా. మీరేమన్నారు?"

"పాడు అన్నాను," అన్నాడు. ప మీద పెదాలు గట్టిగా బిగించి, నేర్పిన పాఠంలా. "నువ్వు పాడు. పో. టైమైంది, అన్నాను."

"మాకు మాను అని వినబడింది."

ఆయనకు వెంటనే ఎక్కలేదు.

"వాడికా?"

"వాడికీ. నాకూ. బయటికొచ్చి నన్నడిగాడు. నేనూ అదే చెప్పాను."

మైకు ప్లేటు కిందున్న నాలుకను అటూ ఇటూ కదిలించాడు. అలవాటు. తర్వాత నెమ్మదిగా, మాట మాటకీ ఆగుతూ అన్నాడు.

"అందుకా వాడు రానిది. నేను... నోరు పోయినవాడి దగ్గరికి ఎవడొస్తాడులే అనుకున్నా. సిగ్గుపడుతున్నాడేమో అనుకున్నా." ఆమె వైపు తిరిగాడు. "నువ్వు కూడా అందుకేనా?"

"నేనేం చేశాను?"

"నాతో సరిగ్గా మాట్లాడింది ఎప్పుడే? అన్నం పెడతావు, తుడుస్తావు, పోతావు."

అలసిపోయాను అందామనుకుంది. అదీ నిజమే. కానీ అది చెప్పి తప్పించుకోవడానికి మనసు రాలేదు.

"తమ్ముడి కడుపు కొట్టారనుకున్నాను," అంది. "బల్ల కోసం."

ఆయన ముఖం చూడలేకపోయింది. నేల మీద దారప్పోగు ఏదో ఉంటే ఏరి, వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"ఇన్నాళ్ల కాపురం," అన్నాడు మైకు. "ఒక్కసారి నిలదీయలేకపోయావా? ఇంత నీచుడివేంటని అడగలేకపోయావా?"

"మీ నోటితో మీరన్నదే విన్నాననుకున్నానండీ."

"నాకు నోరెక్కడుందే అప్పుడు?"

అరవబోయాడు. అరుపుకు ప్లేటు కదిలి, చివరి మాట మళ్లీ ముక్కులోకి జారిపోయింది. బొటనవేలితో ప్లేటు సర్దుకున్నాడు. ఆమెకు క్షమాపణ అడగాలని ఉంది, ఆయనకు తిట్టాలని ఉంది. ఇద్దరికీ అంత బలం లేదు. చివరికి ఆయనే, "లే. నడుం పట్టేస్తుంది కింద కూర్చుంటే," అన్నాడు.

మరునాడు పని దిగాక ఆమె ఐసు ఫ్యాక్టరీకి వెళ్లింది. మరిది వ్యాను వెనక తలుపులు తెరిచి, నీళ్లు కారుతున్న చెక్కలు కడుగుతున్నాడు. చేతులు ఎర్రగా పగిలి ఉన్నాయి. ఆమెను చూసి నీళ్ల గొట్టం కట్టేశాడు.

"అన్నకేమన్నా అయిందా?"

"ఏం కాలేదు. బానే ఉన్నాడు." ఆమె చెప్పాల్సింది మొత్తం చెప్పింది. ప ఎలా మ అవుతుందో కూడా చెప్పింది. టీచరమ్మంత బాగా చెప్పలేకపోయింది. అరచేయి ముక్కు కింద పెట్టుకుని "మ" అని చూపించింది. ఐసు లోడు చేసేవాడొకడు ఆగి వింతగా చూసిపోయాడు.

మరిది విన్నాడు. కోపం తెచ్చుకుంటాడనుకుంది. సంతోషిస్తాడనుకుంది. రెండూ చేయలేదు. తడిచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"ఇప్పుడు తెలిసి ఏం చేస్తాం వదినా. బల్ల మీద వేరేవాడున్నాడు. వాడికీ పెళ్లాం పిల్లలున్నారు."

"బల్ల కోసం రాలేదయ్యా నేను."

"తెలుసు." గొట్టం చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. "ఎన్ని రాత్రులు తిట్టుకున్నానో తెలుసా ఆయన్ని. మా ఆవిడ ముందు, పిల్లల ముందు. పిల్లలు కూడా పెదనాన్న పేరెత్తడం మానేశారు. ఇప్పుడు వాళ్లకేం చెప్పను? పెదనాన్న మంచోడే, మన చెవులే బాగాలేవని చెప్పనా?"

"నా చెవుల మీద వెయ్యి," అంది కాలరక్క. "నన్ను అడిగావు, నేను చెప్పాను."

"నేను విన్నాకే కదా నిన్ను అడిగింది," అన్నాడు మరిది. "వస్తాలే వదినా. ఆదివారం వస్తా. వెళ్లు, చీకటి పడుతుంది."

ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. అన్న ముందు నిలబడి ఏం మాట్లాడాలో తెలియక, కుర్చీ కోళ్లు పరీక్షగా చూశాడు. మైకు పొద్దుట్నుంచీ అద్దం ముందు ఏవో మాటలు సిద్ధం చేసుకున్నాడు గానీ, మనిషి ఎదురయ్యేసరికి అవన్నీ ఎగిరిపోయినట్టున్నాయి.

"కూర్చో," అన్నాడు. అంతే వచ్చింది.

తమ్ముడు కూర్చున్నాడు.

"మళ్లీ వచ్చి అడగొచ్చు కదరా," అన్నాడు మైకు కాసేపటికి.

"మాను అన్నాక ఇంకేం అడగను?"

"నేను అనలేదు!"

"అన్నావని విన్నా కదా!"

"వినడమేంట్రా, నీ మొహం. నిన్ను చేత్తో పొమ్మన్నా కదా. యార్డుకి పొమ్మని! బుట్టలు దిగే టైమది!"

"బయటికి పొమ్మన్నావనుకున్నా!"

"నిన్నెప్పుడన్నా పొమ్మన్నానా నేను? పుట్టినకాడ్నించి?"

"బల్ల ఎక్కనిచ్చావా, పుట్టినకాడ్నించి?"

అక్కడినుంచి మొదలైంది. ఎప్పటివో పాత సంగతులన్నీ తవ్వుకున్నారు. నాన్న సైకిలు ఎవరు పారేశారు, చిన్నప్పుడు జ్వరమొస్తే ఎవరు మోసుకెళ్లారు, టమాటా బుట్ట మీద పడి కాలు విరిగినప్పుడు ఎవరు చూడటానికి రాలేదు. మైకు మాట కోపంలో తడబడేది. ప్లేటు ఊడొస్తే సర్దుకుని మళ్లీ అందుకునేవాడు. ట దగ్గర ఉమ్ము తుళ్లేది. తమ్ముడు "ఏంటీ? మళ్లీ చెప్పు," అని గద్దించేవాడు. మైకు మళ్లీ చెప్పేవాడు, ఇంకా గట్టిగా.

కాలరక్క కొంతసేపు గుమ్మంలో నిలబడింది. అలవాటు కొద్దీ భర్త పెదాల మీదే చూపు పెట్టి, ఆయన ప్రతి మాటకీ తన పెదాలు కదుపుతూ నిలబడింది. ఎవరూ ఆమె వైపు తిరగలేదు. ఆయన ఏదో అంటున్నాడు, ఇతను ఏదో అంటున్నాడు, వాళ్లకు వాళ్లు సరిపోతున్నారు.

లోపలి గదిలోకి వెళ్లి మంచం మీద నడుం వాల్చింది. మెడ కింద దిండు సర్దుకుంది. గోడ అవతల మాటలు సగం అర్థమవుతున్నాయి, సగం అవడం లేదు. ఆ అవనివాటి వెంట పడలేదు. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు.

లేచేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మరిది వెళ్లిపోయాడు. వచ్చే ఆదివారం పిల్లల్ని తీసుకొస్తానన్నాడని కూతురు చెప్పింది. యార్డు మాట ఎత్తారా అని అడిగింది కాలరక్క. ఎత్తారట. వ్యాను వదలనన్నాడట. మైకు మాత్రం ఒకటో తారీఖు నుంచి యార్డు గేటు దగ్గర సరుకు చూసి పంపే పనికి వెళ్తానన్నాడట. అక్కడ ఎక్కువ మాట్లాడక్కర్లేదు. మంచిదీ, కుళ్లిందీ విడదీస్తే చాలు.

మైకు కుర్చీలోనే, నోరు కొంచెం తెరిచి, నిద్రపోతున్నాడు. కాలరక్క వంటింట్లోకి వెళ్లింది. అన్నదమ్ములు టీ పెట్టుకున్నట్టున్నారు. పాలు పొంగి పొయ్యి మీద అట్టకట్టాయి. గిన్నె మాడి నల్లగా ఉంది. పంచదార డబ్బా మూత తీసే ఉంది. ఆమె కాసేపు వాటిని చూసింది. తర్వాత గిన్నెలో నీళ్లు పోసి నానబెట్టి, పొయ్యి తుడవడం మొదలుపెట్టింది.